రాతిబండపై రావి మొక్క

ప్రశ్న: మా ఇల్లు కొండవాలున ఉంది. పెరటి వెనుక నిలువుగా లేచిన బండ మీద చారెడు మట్టి కూడా లేదు. అయినా మూడేళ్లుగా అక్కడ ఒక రావి మొక్క పెరుగుతోంది. దాని వేరు దిగిన చోట సన్నని పగులు కనిపిస్తోంది. అంత లేత వేరు రాయిని ఎలా చీల్చగలదు? మొక్కను తీయించడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఆ పగులు వేరు కంటే ముందే అక్కడ ఉండి ఉంటుంది. ఎదిగే వేరు కొస చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల ఒత్తిడితో నెట్టగలదు; పగుళ్లు లేని గట్టి రాయిని చీల్చడానికి అంతకు ఎన్నో రెట్ల బలం కావాలి. అందువల్ల వేరు ఎప్పుడూ ఉన్న సందునే వెదుక్కుంటుంది. రాయిని మెత్తబరిచే పని మాత్రం చాలావరకు నీటిది, ఆమ్లాలది. మొక్క ఆ రెండింటినీ సందు లోపలికి చేరుస్తుంది.

విజయవాడ కొండలలో ఎక్కువగా ఉన్నది ఖోండలైటు. ఒడిశా కొండలలో నివసించే ఖోండుల పేరు మీదుగా 1902లో ఈ రాయికి ఆ పేరు పెట్టారు. ఇందులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్ వంటి ఖనిజాలు ఉంటాయి. వేర్లు శ్వాసించేటప్పుడు వదిలే కార్బన్ డయాక్సైడు నీటిలో కరిగి బలహీనమైన కార్బానిక్ ఆమ్లం అవుతుంది. గాలిలో ఈ వాయువు 0.04 శాతమే అయినా, వేర్ల చుట్టూ చిక్కుకున్న గాలిలో దానికి పదుల రెట్లు ఉండవచ్చు. దీనికి తోడు వేర్లూ, వాటిని అంటిపెట్టుకున్న శిలీంధ్రాల పోగులూ సిట్రిక్, ఆక్సాలిక్ వంటి ఆమ్లాలను స్రవించి, తమకు కావలసిన పొటాషియాన్నీ ఇనుమునూ రాతి నుంచే రాబట్టుకుంటాయి. ఫెల్డ్‌స్పార్ క్రమంగా తెల్లని మెత్తటి బంకమన్నుగా మారుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పడుతుంది. కొండను తొలిచిన చోట్ల మీకు కనిపించే తెల్లని చారలకు, ఎర్రని మరకలకు మూలం ఈ మార్పులే. అవి కళ్లెదుటే ఉన్నా వాటిని ఆగి చూసేవారు తక్కువ కావడం నాకు బాధ కలిగిస్తుంది.

మట్టి లేని చోట విత్తనం ఎలా మొలిచిందన్నది కూడా చూడవలసిన విషయమే. ముందుగా లైకెన్లు (శిలీంధ్రం, శైవలం అనే పాచి కలిసి ఒకటిగా బతికే జీవులు), ఆ తరువాత నాచు రాతిని పట్టుకుంటాయి. అవి చిక్కించుకున్న దుమ్ము, అవి చనిపోగా మిగిలిన కుళ్లు కలిసి సందులో చిటికెడు మట్టి అవుతుంది. రావి పండు తిన్న పక్షులు, గబ్బిలాలు విసర్జించే విత్తనం ఆవగింజ కంటే చిన్నది కాబట్టి దానికి ఆ చిటికెడు చాలు. చలిదేశాలలో పగుళ్లలోని నీరు గడ్డకట్టి, 9 శాతం ఉబ్బి రాయిని విడదీస్తుంది. మనకు ఆ బెడద లేదు కానీ, ఏటా లావెక్కే వేరు, గాలికి ఊగే మాను కలిసి అప్పటికే మెత్తబడిన పగులును కొద్దికొద్దిగా తెరుస్తాయి.

ఇక మీరు చేయవలసింది. రావిని ఇప్పుడే తీయించండి, కానీ పట్టి లాగనివ్వకండి. వేరుతో పాటు రాతిముక్క ఊడిరావచ్చు. బండ పైకి ఉన్న భాగాన్ని నరికించండి. అది మళ్లీ చిగురిస్తుంది కాబట్టి చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పైనుంచి వచ్చే వాననీరు ఆ పగులులోకి దిగకుండా పక్కకు మళ్లించే కాలువ ఉండాలి. అలాగని వాలు మీది గడ్డినీ పొదలనూ చెక్కించవద్దు. పైపొర మట్టిని పట్టి ఉంచేవి వాటి వేర్లే. 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోతకు మీ ప్రాంతంలోనే కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అందువల్ల, బండ కదులుతున్నట్లు ఏమాత్రం అనుమానం ఉన్నా వానలకు ముందే భూగర్భ శాస్త్రం తెలిసిన ఇంజనీరుకు చూపించండి.

ప్రశ్న: తాతల నాటి రాతి రోలు పెరట్లో పడి ఉంది. దాని నిండా బూడిద రంగు పొరలు పట్టాయి. ఇనుప బ్రష్షుతో గీకవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: గీకవద్దు. అవి లైకెన్లు; అంటే శిలీంధ్రం, శైవలం కలిసి ఒకటిగా బతికే జీవులు. మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, అయితే రోలు మీది దానిని వంటకు వాడకండి. వాటి పోగులు రాతి రేణువుల మధ్యకు చొచ్చుకుపోయి, తడికి ఉబ్బుతూ ఎండకు ముడుచుకుంటూ రేణువులను వదులు చేస్తాయి. ఇనుప బ్రష్షు ఆ వదులైన రేణువులను కూడా ఊడదీస్తుంది. నీళ్లు చల్లి నానిన తరువాత మెత్తని కొబ్బరి పీచుతో రుద్ది, రోలును తేమ తగలని చోటికి జరపండి.