కొండెక్కబోతున్న మేనకోడలికి, చెత్త గురించి

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో టెంట్ల గురించి, చలి గురించి, పొద్దున్నే మబ్బులు ఏ గట్టు మీద నుంచి బాగా కనిపిస్తాయన్నదాని గురించి అడిగావు. తెలిసినంతా చెప్పాను. ఎనిమిది మంది రెండు రాత్రులు, మూడు పగళ్ళు కొండమీద ఉంటే పోగయ్యే చెత్త సంగతి మాత్రం నువ్వూ అడగలేదు, నాకూ తట్టలేదు. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది. అప్పటి నుంచీ మనసు దానిమీదే ఉంది. అందుకే రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు. నీ స్నేహితులకీ చదివి వినిపించు.

మీరు వెళ్ళేది పాడేరు దాటి, జీపు ఆగిపోయాక గంటన్నర నడిస్తే గానీ చేరలేని చోటికి. అక్కడికి చెత్త బండి రాదు. వంజంగి, లంబసింగి లాంటి పేరున్న చోట్ల దారి పక్కన ఎక్కడైనా డ్రమ్ము కనిపించినా, అది నిండాక ఎవరు, ఎలా కిందికి దించుతారో ఒక్కసారి ఆలోచించు. డ్రమ్ములో వేశాం కదా అని చేతులు దులుపుకుంటే లాభం లేదు. రాత్రికి కుక్కలు పడదోస్తాయి, పొద్దున గాలి తీసుకెళ్తుంది, వాన పడిందంటే అంతా గెడ్డలోకే, అంటే కొండవాగులోకే.

గెడ్డ అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. నేను స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరిన కొత్తలో పిల్లల్ని ఆ వైపు కొండలకే క్యాంపుకి తీసుకెళ్ళాను. వచ్చేసేరోజు మోకాలి లోతు గొయ్యి తవ్వించి, నాలుగు రోజుల చెత్తంతా అందులో వేయించి, మట్టి కప్పించి, పైన రాళ్ళు పేర్పించాను. శుభ్రంగా ఉందని పిల్లల్ని మెచ్చుకున్నాను కూడా. రెండు వానాకాలాలు గడిచాక మళ్ళీ అక్కడికే వెళ్ళాం. పందులు ఎప్పుడో తవ్వేశాయి, మిగిలిన మట్టిని వాలు మీద వాన కోసేసింది. కింద ఊటబావి దగ్గర ఒకావిడ బిందె ముంచబోతూ, నీళ్ళ మీద తేలుతున్న పాలకవరు ఒకటి వేళ్ళతో పక్కకి తీసి, నీళ్ళు ముంచుకుని, బిందె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. నన్ను చూసి నవ్వింది కూడా. ఆ కవరు మీద మా ఊరి పాలడైరీ పేరుంది. ఆమె నన్ను తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో. ఆ రోజు నుంచీ నేను కొండమీద ఏదీ పాతలేదు, పాతనివ్వలేదు.

పాతడం కాకపోతే కాల్చేద్దాం అంటారు మీవాళ్ళు. ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చిప్సు పేకెట్టు లోపల తళతళలాడేది అల్యూమినియం పూత. ప్లాస్టిక్కు కరిగి, పొగై పోయినా ఆ పూత బూడిదలో రేకులు రేకులుగా మిగిలే ఉంటుంది. కవర్ల పొగలో విషం ఉంటుంది. పైగా ఆ మంట మీదే మీరు అన్నం వండుకుంటారు, దాని చుట్టూనే కూర్చుంటారు. పొడి కాగితం ముక్క, పొయ్యి కట్టె, ఇవి తప్ప మంటలో ఇంకేదీ వెయ్యకండి.

ఇంత అనుభవం మీద నాకు తెలిసిందేమిటంటే, చెత్త పని ముప్పాతిక వంతు ఇంట్లోనే తేలిపోవాలి. బయల్దేరే ముందురోజు సాయంత్రం సామానంతా చాప మీద పరిచి కూర్చోండి. ఒక్కొక్క వస్తువు చేతిలోకి తీసుకుని, ఇది అయిపోయాక చేతిలో ఏం మిగులుతుంది అని అడగండి. అట్టపెట్టెలు, పైకవర్లు ఇంట్లోనే విప్పి పారేయండి. పప్పు, ఉప్మా రవ్వ, పంచదార, టీపొడి డబ్బాల్లోకో, గుడ్డ సంచుల్లోకో మార్చండి. చిన్న చిన్న షాంపూ, సాసు పేకెట్లు ఒక్కటి కూడా వద్దు. వాటిని చింపిన మూల ముక్క ఎక్కడ పడిందో ఎవడికీ తెలీదు, గడ్డిలో దొరకదు. కూరగాయలు ఇంట్లోనే చెక్కు తీసి తరుక్కోండి. ఉల్లిపాయలు పొట్టు ఒలిచే తెచ్చుకోండి. మొదటిపూటకి పులిహోర కలిపి తీసుకెళ్తే ఆ పూట చెత్తే ఉండదు. చిరుతిళ్ళకి అమ్మని జంతికలు, మరమరాల ఉండలు చెయ్యమను. రెండు స్టీలు డబ్బాలు పట్టుకెళ్తే, తిరిగొచ్చేటప్పుడు రెండు ఖాళీ స్టీలు డబ్బాలే ఉంటాయి. చిప్సు పేకెట్లయితే ఇరవై కవర్లు.

నీళ్ళ లెక్క కూడా వేసుకో. మనిషికి రోజుకి మూడు లీటర్లు తాగడానికి అనుకున్నా, ఎనిమిది మందికి మూడు రోజులకి డెబ్భై రెండు లీటర్లు. లీటరు సీసాలు కొంటే డెబ్భై రెండు సీసాలు, డెబ్భై రెండు మూతలు. వాటి బదులు ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు జీపులో వేయించుకుని, దిగే ఊళ్ళో ఎవరింట్లోనైనా అడిగి పెట్టుకోండి. ఖాళీ క్యాన్లు షాపులో వెనక్కి ఇచ్చేయొచ్చు. మనిషికో స్టీలు సీసా. పైన తక్కువైతే గెడ్డనీళ్ళు గుడ్డతో వడకట్టి, కళపెళ మరిగాక ఇంకో నిమిషం ఉంచి దించుకోండి.

పళ్ళేల సంగతి. ప్లాస్టిక్కు పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధమే, అయినా దొరుకుతూనే ఉన్నాయి. కాగితం కప్పులు మంచివనుకోకు, వాటి లోపల కూడా సన్నటి ప్లాస్టిక్కు పొర ఉంటుంది. మనిషికో స్టీలు కంచం, గ్లాసు తీసుకెళ్తే గొడవే లేదు. బరువంటే సంతలో గిరిజన ఆడవాళ్ళు అడ్డాకు విస్తర్లు అమ్ముతారు, అవి కొనండి. నాలుగు రూపాయలు వాళ్ళకి చేరతాయి. మిషను మీద నొక్కిన విస్తర్లు కొనేటప్పుడు మాత్రం గోటితో అంచు గీరి చూడు. కొన్నిటికి ఆకు కింద ప్లాస్టిక్కు అతికిస్తున్నారు. బొంగులో చికెన్ తినాలని ఉంటే దారిలో, అక్కడివాళ్ళ దగ్గరే తినేసి ఎక్కండి. కొండమీదికి కోడి ఎముకలు పట్టుకెళ్ళారంటే రాత్రంతా కుక్కలతోనే సరిపోతుంది.

ఇక పోగైనది దాచే పద్ధతి. మా గోదాంలో ఇరవై లీటర్ల రంగు డబ్బా ఒకటుంది, మూత నొక్కితే గాలి కూడా చొరదు. ఎన్నో ఏళ్ళుగా నాతో కొండలెక్కింది. వెళ్ళేటప్పుడు అందులో బియ్యం, పప్పు. వచ్చేటప్పుడు తడి చెత్త. కూర మెతుకులు, తొక్కలు, కోడిగుడ్డు పెంకులు నీళ్ళు ఓడ్చి అందులో వెయ్యండి. వేసినప్పుడల్లా పైన పిడికెడు చల్లారిన పొయ్యి బూడిద గానీ, ఎండిన టీపొడి పిప్పి గానీ చల్లితే వాసన రాదు, పురుగు పట్టదు. అరటితొక్క మట్టిలో కలిసేదే కదా, విసిరేస్తే ఏం అని అడుగుతారు. కలిసేదే, కానీ కలిసేలోపు కోతులో, పందులో వాసన పట్టి వస్తాయి. ఒకసారి రుచి మరిగితే మీ తరవాత వచ్చేవాళ్ళ టెంట్లు చింపుతాయి, ఆనక ఊరివాళ్ళ చోడి (రాగి) చేను మీద పడతాయి.

దిగే ఊళ్ళో ఎవరింటి ముందైనా కుడితి తొట్టి ఉంటే, అడిగి, గంజీ కూరగాయ తొక్కలూ అందులో పోయొచ్చు. అడక్కుండా పోయొద్దు. మసాలా కూరలు, పాచిపోయినవి, ఎముకలు పశువుకి పెట్టేవి కావు. కవరు ముక్క ఒక్కటి పొరపాటున కలిసినా అది ఆవు కడుపులోకి పోతుంది, ఇక బయటికి రాదు.

పొడి చెత్తకి రెండు బియ్యం సంచులు చాలు. ఒకటి మీది, ఒకటి అక్కడ మీకు ముందు వచ్చినవాళ్ళు పారేసినది ఏరడానికి. కవర్లు కాస్త నీళ్ళతో తొలిచి, ఆరబెట్టి, మడిచి వెయ్యండి. డబ్బాలు కాలితో నొక్కి పల్చగా చెయ్యండి. పగిలిన గాజు ఏరాల్సి వస్తే మందపాటి తొడుగులు వేసుకుని, విడిగా ఒక డబ్బాలో వెయ్యాలి. అక్కడి పిల్లలు వట్టికాళ్ళతో తిరుగుతారు. బీరు సీసాలు మీతో రావని నమ్ముతున్నాను. వస్తే, ఎక్కినన్ని సీసాలు లెక్కపెట్టి దించాలి. సిగరెట్టు పీక వెనకున్న దూదిలాంటిది దూది కాదు, ప్లాస్టిక్కు పోగే. కాల్చేవాళ్ళ జేబులో చిన్న రేకు డబ్బా ఉండాలి. చిన్న గ్యాసు డబ్బాలు, బ్యాటరీలు విడిగా ఉంచండి, ఖాళీ అయిన గ్యాసు డబ్బా మంట దగ్గరికి కూడా పోనివ్వొద్దు, పేలుతుంది.

రాత్రి పడుకోబోయే ముందు డబ్బా, సంచులు టెంట్లో పెట్టుకోవద్దు. టెంటుకి దూరంగా గట్టి కొమ్మ చూసి, తాడుతో రెండు నిలువుల ఎత్తున, మాను నుంచి ఒక బార ఎడంగా వేలాడదియ్యండి. ఎలుగుబంట్లు తిరిగే చోట తిండి సామాను కూడా అలాగే.

అంట్లు గెడ్డలో తోమొద్దు. నీళ్ళు తెచ్చుకుని, గెడ్డకి ఎనభై అంగల దూరంలో తోమి, ఆ తోమిన నీళ్ళు పాత గుడ్డలో వడకట్టి, మెతుకులు డబ్బాలోకి, నీళ్ళు విశాలంగా చల్లేయండి. బూడిద, కొబ్బరిపీచు చాలు, సబ్బు అక్కర్లేదు. దొడ్డికి వెళ్ళేటప్పుడూ నీళ్ళకి అదే దూరం. జానెడు లోతు గొయ్యి తవ్వి, పని అయ్యాక మట్టి కప్పాలి, కాబట్టి చిన్న తాపీ ఒకటి పట్టుకెళ్ళండి. తడి టిష్యూలు మాత్రం ఆ గోతిలో వెయ్యొద్దు. బట్టలా ఉంటాయి గానీ చాలావాటిల్లో ప్లాస్టిక్కు పోగులే.

ఆడపిల్లల సంగతి మీ అత్తయ్య దగ్గరుండి రాయిస్తోంది. వాడిన ప్యాడ్లు పాతినా, కాల్చినా పోవు. లోపలి జెల్లు తడి పట్టి ఉంటుంది, మంటలో సగం సగం మాడుతుంది. పాత పేపర్లో గట్టిగా చుట్టి, జిప్పు కవర్లో పెట్టి, దాన్ని ఒక నల్ల గుడ్డసంచిలో వేసుకుని ఎవరిది వాళ్ళు తిరిగి తెచ్చుకోవాలి. జిప్పు కవర్లో రెండు చెంచాల వంటసోడా వేస్తే వాసన ఉండదట. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని, ఈ ముక్క మగపిల్లలకీ వినపడేలా చదవమని అత్తయ్య చెప్పమంది.

ఎవరు మొయ్యాలన్నది ఇక్కడే తేల్చుకోండి. కొండమీద తేల్చుకుందాం అంటే గొడవలవుతాయి, చివరికి మంచివాడొకడే మోస్తాడు. తిండి సామాను పైకి మోసినవాళ్ళ బస్తా దిగేటప్పుడు తేలికై ఉంటుంది. చెత్త వాళ్ళ వంతు. మిగతావాళ్ళు వాళ్ళ బట్టల సంచులు పంచుకోండి.

చివరిరోజు టెంట్లు విప్పాక వెంటనే కదలొద్దు. ఎండ కాస్త పైకి రానివ్వండి. ఎనిమిది మందీ చెయ్యి చాపిన దూరంలో వరసగా నిలబడి, సూర్యుడికి ఎదురుగా వంగి నడవండి. ఎదురెండకి రేకు ముక్కలు, సీసా మూతల రింగులు మిలమిలా మెరుస్తాయి. టెంటు ఉన్న చోట గడ్డి వేళ్ళతో దువ్వి చూడండి. పొయ్యి బూడిద నీళ్ళు పోసి చల్లార్చి, చేత్తో కెలికి చూడాలి. మా పిల్లలు ఈ వరస నడకని పందెంలా ఆడేవాళ్ళు. ఒకసారి ఒక పిల్లాడు ముప్పై ఒక్క ముక్కలు ఏరాడు, అందులో మావి పదకొండే.

దించిన చెత్తని పాడేరులోనో, ఘాటు రోడ్డు మలుపులోనో వదిలేయకండి. వైజాగు వరకూ తెండి. జీపు వెనక సంచులు కట్టుకుంటే బరువేం కాదు. ఇంటికొచ్చాక తడిది తడి బుట్టలో, పొడిది పొడి బుట్టలో వేసి పొద్దున్న వచ్చే బండికి ఇవ్వండి.

శుక్రవారం సాయంత్రం వచ్చి రంగు డబ్బా పట్టుకెళ్ళు. మూత రబ్బరు కొత్తది వేయించి ఉంచుతాను, తాడు కూడా అందులోనే ఉంటుంది. తిరిగొచ్చాక కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించి, మూత విడిగా పెట్టి పంపు. మీరు పాత చెత్త ఏరిన రెండో సంచిలో ఏమేం దొరికాయో రాసి పంపు, చూడాలని ఉంది.

మీ మామయ్య