కథ పొల్లుపోకుండా చెబుతాడు, చదవమంటే కడుపునొప్పి అంటాడు

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు, మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. విన్న కథ పొల్లుపోకుండా చెబుతాడు. పుస్తకం తీస్తే కడుపునొప్పి అంటాడు. ‘పలక’ని ‘పడవ’ అని చదువుతాడు, ఒత్తులు ఎగరేస్తాడు. ఎక్కాలు నిలవవు. రెండు ట్యూషన్లు పెట్టాం. టీచరు బద్ధకం అంటుంది, మావారు కొడతారు. అత్తగారేమో ‘వీడి నాన్నా ఇంతే’ అని నవ్వుతారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, అత్తగారి మాట కొట్టిపారేయకండి. తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు. అది చాలా కుటుంబాల్లో వంశంలోనే నడుస్తుంది. మీవారు చిన్నప్పుడు చదువు దగ్గర ఏం పడ్డారో నెమ్మదిగా అడగండి. అది తెలిస్తే కొట్టడానికి ఆయనకే చెయ్యి రాదు.

మీరు రాసిన లక్షణాలు డిస్లెక్సియాలా ఉన్నా, ఉత్తరం చూసి తేల్చేది కాదు. ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ప్రైవేటులో ఖర్చనుకుంటే గుంటూరు పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగండి. విభాగం పేరు చూసి జంకకండి. తెలివితేటలు ఒకపక్క, చదవడం, రాయడం, లెక్కలు మరోపక్క చూస్తారు. తెలుగులో కూడా చదివించి చూడమనండి. ఇంగ్లీషులోనే తడబడితే అది భాష కొత్త కావడం వల్ల కావచ్చు. మీవాడు తెలుగులోనూ మొదటి అక్షరం పట్టుకుని మిగతాది ఊహిస్తున్నాడు, అందుకే నాకు అనుమానం.

దీనికి మందుల్లేవు. జ్ఞాపకశక్తి టానిక్కులు, రంగు కళ్ళజోళ్ళు అమ్మజూపుతారు, దండగ. పనిచేసేది స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి నేర్పడంలో శిక్షణ పొందిన టీచరు) ఓపికగా నేర్పే చదువే: ‘కమలం’ని క-మ-లం అని చప్పట్లతో విడగొట్టించడం, అక్షరాన్ని పైకి పలుకుతూ ఇసుకలోనో బియ్యంలోనో దిద్దించడం, అది కుదిరాక గుణింతం, ఆపైన ఒత్తులు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు.

ఇంట్లో ఇంపోజిషన్లు ఆపేయండి. తప్పు చదివిన మాటని యాభైసార్లు రాయిస్తే చెయ్యి నొప్పే తప్ప చదువు రాదు. పాఠం మీరు చదివి వినిపించి, జవాబులు నోటితో చెప్పించుకోండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందీ ఉంది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి సాయం అడగొచ్చు. రిపోర్టు రాగానే ఒక కాపీ క్లాస్ టీచరుకివ్వండి, అందరి ముందూ లేపి చదివించొద్దని చెప్పండి. ట్యూషన్లు మాన్పించి, ఆ ఫీజు స్పెషల్ ఎడ్యుకేటర్‌కి కట్టండి.