లింకులో @ ఉంటే ఉత్తరం ఎందుకు దొరకదు?

ప్రశ్న: ఒక ఓపెన్‌సోర్స్ మెయిలింగ్ లిస్టు ఆర్కైవ్‌లో పాత చర్చ చదువుతున్నాను. "ఈ సంగతి ఇదివరకే రాశాను" అని ఇచ్చిన లింకు నొక్కితే 404 (పేజీ లేదనే జవాబు) వస్తోంది. ఆ ఉత్తరం పోయినట్టేనా? (కాకినాడ నుంచి)

జవాబు: చాలావరకు ఉత్తరం ఉన్నచోటే ఉంటుంది, చెడేది లింకు. ప్రతి ఈమెయిల్‌కీ మెసేజ్-ఐడీ అని ఒక గుర్తు ఉంటుంది. ఈమెయిల్ రూపాన్ని నిర్దేశించే ఆర్‌ఎఫ్‌సీ 5322 అనే ప్రమాణం ప్రకారం దాని రూపం అచ్చం ఈమెయిల్ చిరునామాదే: ఎడమన ఒక ముక్క, నడుమ @, కుడివైపు సాధారణంగా ఒక డొమైన్ పేరు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆర్కైవ్, లినక్స్ కెర్నెల్ వారి లోర్ ఆర్కైవ్ ఈ ఐడీనే వెబ్ చిరునామాలో పెడతాయి. పద్ధతి మంచిదే, ఎందుకంటే లిస్టు వేరే సర్వర్‌కు మారినా ఐడీ మారదు. అయితే స్పామర్లకు దొరక్కుండా చిరునామాలు దాచే ప్రోగ్రాం @ కనబడగానే దాని అటూ ఇటూ ఉన్నదంతా ఎవరిదో చిరునామా అనుకుంటుంది. అది లింకులో భాగమా కాదా అని చూడకపోతే లింకు విరిగిపోతుంది.

ఇలా చిరునామాను దాచడాన్ని ముసుగు అందాం. ముందు ఏ ముసుగు పడిందో గుర్తుపట్టండి. మెయిలింగ్ లిస్టులు నడిపే మెయిల్‌మన్ 2లో ఆర్కైవ్ పేజీలు కట్టే పైపర్‌మెయిల్ @ తీసేసి 'ఎట్' అనే ఇంగ్లిష్ మాటను అటూ ఇటూ ఖాళీ వదిలి పెడుతుంది. ఖాళీ రాగానే లింకు అక్కడితో తెగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ ఆర్కైవ్‌లో చిరునామాలు (ఎట్), (డాట్) అని కుండలీకరణాల్లో కనిపిస్తాయి. మార్క్ ఆర్కైవ్ @ బదులు (), చుక్క బదులు ! పెడుతుంది. ఈ మూడింటినీ వెనక్కి మార్చవచ్చు. లింకును నొక్కకుండా మొత్తం కాపీ చేసి, ఎడిటర్‌లో @నూ చుక్కలనూ తిరిగి పెట్టి, ఖాళీలు తీసేసి, చిరునామా పట్టీలో అతికించండి.

కొంత భాగాన్ని కోసేసే ముసుగులతోనే అసలు చిక్కు. గూగుల్ గ్రూప్స్ ఎడమ ముక్కలో మొదటి కొన్ని అక్షరాలుంచి మిగతావి మూడు చుక్కలు చేస్తుంది. ఐడీకి ప్రత్యేకత ఇచ్చేది ఆ ఎడమ ముక్కే కాబట్టి ఊహించి పూరించడం కుదరదు. యాహూ గ్రూప్స్ కుడివైపు కోసేది. అక్కడ కాస్త ఆశ ఉంది: ఎడమ ముక్క సీ, ఏ అక్షరాలతో మొదలై పొడుగ్గా ఉంటే అది చాలావరకు జీమెయిల్ ఇచ్చిన ఐడీ, కుడివైపు మెయిల్.జీమెయిల్.కామ్ అని పెట్టి చూడండి. 'రచ్చబండ' లాంటి తెలుగు చర్చలు సాగిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడ్డాయి. వాటి విషయంలో సభ్యుల సొంత మెయిల్‌పెట్టెల్లోని ప్రతులే నమ్మదగినవి. వాటిలో ఐడీకి ఏ ముసుగూ ఉండదు. జీమెయిల్‌లో ఉత్తరం తెరిచి 'షో ఒరిజినల్' నొక్కితే పైనే కనిపిస్తుంది.

ప్రశ్న: ఆర్‌టీఎస్ లిపిలో (తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతిలో) ఉన్న పాత ఉత్తరాలను యూనికోడ్‌లోకి మారుస్తుంటే కొన్ని పదాల మధ్య 'ఎట్' వస్తోంది. ఎందుకు? (హనుమకొండ నుంచి)

జవాబు: ఇదీ ఆ ముసుగు పనే. ఆర్‌టీఎస్‌లో విసర్గను @ తర్వాత హెచ్, అరసున్నను @ తర్వాత ఎం పెట్టి రాస్తారు. 'దుఃఖం' నడుమ @ ఉంటుంది, దానికి రెండు వైపులా అక్షరాలుంటాయి. పైపర్‌మెయిల్ వెతికే నమూనా కుడివైపు చుక్క ఉందో లేదో చూడదు, అందుకని మన దుఃఖం కూడా దానికి చిరునామాయే. అలాగని 'ఎట్' ఉన్నచోటల్లా ఒకేసారి @ పెట్టేయకండి, మామూలు ఇంగ్లిష్ వాక్యాలు పాడవుతాయి. 'ఎట్' తర్వాత హెచ్ లేదా ఎం వచ్చిన చోట్లను మాత్రమే వెతికి, ఒక్కొక్కటీ కంటితో చూసి మార్చండి. యూనికోడ్ మార్పిడి ఆ తర్వాతే.

ప్రశ్న: మా సైటును లింక్ చెకర్‌తో పరీక్షిస్తే సీడీఎన్-సీజీఐ అనే దారిలో 'ఈమెయిల్-ప్రొటెక్షన్' పేజీకి డజన్ల కొద్దీ 404లు చూపుతోంది. అలాంటి పేజీ మేం పెట్టలేదు. (బెంగళూరు నుంచి)

జవాబు: పెట్టింది క్లౌడ్‌ఫ్లేర్, అంటే మీ సైటుకూ పాఠకులకూ నడుమ ఉండి పేజీలు అందించే సేవ. దానిలోని ఈమెయిల్ అడ్రస్ అబ్‌ఫస్కేషన్ (చిరునామాలు దాచే సదుపాయం) పేజీలోని చిరునామా తీసేసి, ఆ దారికి ఒక లింకూ, సంకేతరూపంలో అసలు చిరునామా పెడుతుంది. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ దాన్ని విప్పుతుంది. జావాస్క్రిప్ట్ నడపని చెకర్‌కు ఉత్త లింకే దొరుకుతుంది, కాబట్టి ఆ 404 వల్ల మామూలు పాఠకులకు నష్టం లేదు.

నష్టం కోడ్ ఉన్న పేజీల్లో జరుగుతుంది. గిట్ క్లోన్ చిరునామాలు, ఎన్‌పీఎం ప్యాకేజీ పేరు పక్కన @ పెట్టి రాసే వెర్షన్లు కూడా చిరునామాల కిందే లెక్క. అలాంటి భాగానికి ముందు 'ఈమెయిల్_ఆఫ్' అని హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్య, తర్వాత అదే మాట ముందు / చేర్చి ఇంకో వ్యాఖ్య పెడితే క్లౌడ్‌ఫ్లేర్ దాన్ని ముట్టుకోదు. పేజీ అంతటికీ వద్దనుకుంటే క్యాష్-కంట్రోల్ హెడర్‌లో 'నో-ట్రాన్స్‌ఫామ్' పంపండి.

ఇప్పటికే భద్రపరిచిన పేజీల్లో చెడిపోయినా తిరిగి రాబట్టవచ్చు. సంకేతంలో మొదటి రెండు హెక్స్ అంకెలే తాళంచెవి, మిగతా ప్రతి జంటనూ దానితో ఎక్స్ఆర్ (బిట్లను ఒక్కొక్కటిగా పోల్చే లెక్క) చేయాలి. తాళంచెవి 21, జంట 61 అయితే ఫలితం 40, అంటే ఆస్కీలో @.

ప్రశ్న: మెయిల్‌మన్ 2లో ఈ ముసుగు తీసేసి ఆర్కైవ్ మళ్లీ కట్టొచ్చా? (డాలస్ నుంచి)

జవాబు: కట్టొచ్చు, కానీ తొందరపడొద్దు. ముసుగు తయారైన పేజీల మీదే పడుతుంది. సర్వర్‌లోని ఎంబాక్స్ ఫైలులో అసలు ఉత్తరాలు చెక్కుచెదరకుండా ఉంటాయి, ముందు దాన్ని వేరేచోట కాపీ చేసుకోండి. తర్వాత 'క్లీన్‌ఆర్క్' నడపాలి. వరుస మొదట్లో 'ఫ్రం' అనే మాట వస్తే కొత్త ఉత్తరం మొదలైందని ఎంబాక్స్ పొరబడుతుంది, అది సరిదిద్దేది ఇదే. ఆ పైన ముసుగు సెట్టింగు మార్చి 'ఆర్క్' ఆదేశాన్ని 'వైప్' తో నడిపితే పేజీలన్నీ కొత్తగా తయారవుతాయి.

ప్రమాదం ఇక్కడే ఉంది. పైపర్‌మెయిల్ లింకులు ఉత్తరాల వరుససంఖ్యల మీద నడుస్తాయి. ఒక ఉత్తరం రెండుగా చీలినా, మధ్యలో ఒకటి తొలగినా తర్వాతి సంఖ్యలన్నీ జరుగుతాయి. అప్పుడు లింకు 404 కూడా చూపదు, వేరే ఉత్తరాన్ని తెరుస్తుంది. అది ఇంకా హానికరం. పాత పేజీలను అదే దారిలో అలాగే ఉంచి, కొత్తవి వేరే దారిలో కట్టడం మేలు. మెయిల్‌మన్ 3కి మారగలిగితే ఇంకా మంచిది. అందులో లింకు చివర మెసేజ్-ఐడీ నుంచి షా-1 అనే లెక్కతో తీసిన 32 అక్షరాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తులో @ రాదు, ఎన్నిసార్లు కట్టినా అది మారదు.

ప్రశ్న: నేను పంపే లింకు విరగకుండా ఎలా రాయాలి? (విజయవాడ నుంచి)

జవాబు: @ బదులు %40 రాయండి. సర్వర్‌కు రెండూ ఒకటే, ముసుగు ప్రోగ్రాంకు మాత్రం %40 కనబడదు. ఐడీ చుట్టూ ఉండే < > గుర్తులు తీసేయండి. ఐడీలో / ఉంటే %2ఎఫ్ చేయండి. ఐడీ ప్రశ్నార్థకం తర్వాత వచ్చే లింకుల్లో + ను కూడా %2బీ చేయాలి, లేకపోతే సర్వర్ దాన్ని ఖాళీగా చదువుతుంది.