ల్యాబ్ ప్రశ్నలు: కరెంటు పోయాక కాలమ్ పాడైనట్టేనా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్. హెచ్‌పీఎల్‌సీలో, అంటే ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో, విటమిన్ సి చూస్తాం. సి18 కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం), మొబైల్ ఫేజ్ (అందులోంచి పంపే ద్రవం) ఉత్త ఫాస్ఫేట్ బఫరే (పీహెచ్ నిలకడగా ఉంచే ఉప్పు నీళ్లు), మెథనాల్ కలపం. మొన్న రన్ మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే విటమిన్ సి పీక్ (గ్రాఫ్‌లో లేచే శిఖరం) బాగా ముందుకు వచ్చేసి, కాలమ్‌లో ఆగకుండా మొదటే వచ్చే సాల్వెంట్ పీక్‌లో కలిసిపోతోంది. ప్రెజర్ మామూలుగానే ఉంది. కాలమ్ పోయింది, కొత్తది తెప్పిద్దాం అంటున్నారు మా సార్. సీజన్ కదా, ఒకటే టెన్షన్. (ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: ఆర్డర్ పెట్టకుండా ఒక్కరోజు ఆపండమ్మా మీ సార్‌ని. సి18 అంటే సిలికా గింజల్లోని సన్నని రంధ్రాల గోడలకు 18 కార్బన్ల గొలుసులు అతికించిన సరుకు, దానికి నీళ్లంటే పడదు. పంపు నడుస్తున్నంతసేపు ప్రెజర్‌కు లొంగి బఫర్ ఆ రంధ్రాల్లో ఉంటుంది, పంపు ఆగి ప్రెజర్ సున్నాకు పడగానే బయటికి వచ్చేస్తుంది, తర్వాత పంపు ఆన్ చేసినా మళ్లీ లోపలికి పోదు. ఇక విటమిన్ సి ఆగడానికి చోటేదీ? గింజల పక్కనుంచే జారిపోతుంది. మీకు జరిగింది ఇదేనని నా అనుమానం, ప్రెజర్ మారలేదన్నారు, అంటే కాలమ్ ఎక్కడా మూసుకోలేదు కాబట్టి ఇంకా గట్టిగా.

బాగు చేయడం తేలికే. కానీ బఫర్ ఉన్న కాలమ్‌లోకి నేరుగా మెథనాల్ వదలొద్దు, ఫాస్ఫేట్ ఉప్పు గడ్డకట్టి నిజంగానే కాలమ్‌ను చంపేస్తుంది. ముందు 10 శాతం మెథనాల్ కలిపిన నీళ్లు నిమిషానికి 1 మి.లీ. చొప్పున అరగంట, ఆ తర్వాత 70, 80 శాతం మెథనాల్ ఇంకో అరగంట, మళ్లీ 10 శాతానికి దిగి అప్పుడు బఫర్. పీక్ పాత చోటుకు వస్తే కాలమ్ బాగున్నట్టే. ఇకముందు బఫర్‌లో 5 శాతం మెథనాల్ కలిపి చూడండి, లేదా పూర్తి నీళ్లకు తట్టుకునే రకం సి18 అడగండి. పంపుకు యూపీఎస్ ఉందా? అదీ మీ సార్‌కు చెప్పండి, కొత్త కాలమ్ కంటే ముందు అడగాల్సింది అదే.

ఇంకో మాట. గుజ్జులోని పసుపు రంగు, అంటే కెరోటినాయిడ్లు, బఫర్‌కు కదలవు, మెథనాల్‌కూ సరిగా కదలవు, కాలమ్ మొదట్లోనే పేరుకుంటాయి. మెథనాల్ తర్వాత ఐసోప్రొపనాల్ పెడితే కడుక్కుపోతాయి, అయితే అది చిక్కగా ఉంటుంది కాబట్టి ఫ్లో 0.2 మి.లీ. దాటనివ్వకండి. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టడం, అసలు కాలమ్ ముందు గార్డ్ కాలమ్ (మురికిని ఆపే చిన్న కాలమ్) పెట్టడం చేస్తే ఈ కడుగుడు సగం తగ్గుతుంది.

ప్రశ్న: సీనియర్ వదిలేసి వెళ్లిన కాలమ్ ఒకటి ఉంది. ఎర్రచందనం సారాలు నడిపారట. బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? (రీసెర్చ్ స్కాలర్, తిరుపతి)

జవాబు: మీ శాంపిల్‌తో మాత్రం పరీక్షించకండి, ఏది కాలమ్ లోపమో ఏది శాంపిల్ గోలో తేలదు. ముందు డిటెక్టర్‌కు కలపకుండా, కాలమ్ మీద ద్రవం పోయే దిశ చూపే బాణం గుర్తు చూసుకుని, 10 శాతం మెథనాల్ నీళ్లతో 0.2 మి.లీ. దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి, ఎందుకంటే లోపల ఏం మిగిల్చి వెళ్లారో మనకు తెలీదు. తర్వాత మెథనాల్‌తో బాగా కడిగి, డిటెక్టర్‌కు కలిపి, డబ్బాలోని సర్టిఫికెట్‌లో రాసిన మొబైల్ ఫేజ్, ఫ్లో అలాగే పెట్టి, యురాసిల్, టాలుయిన్, నాఫ్తలీన్ లాంటి టెస్ట్ మిశ్రమం ఎక్కించండి. యురాసిల్ ఆగకుండా వచ్చేస్తుంది, అది డెడ్ టైమ్. నాఫ్తలీన్ రిటెన్షన్ టైమ్‌ను (బయటికి రావడానికి పట్టిన సమయాన్ని) సగం ఎత్తులో పీక్ వెడల్పుతో భాగించి, వర్గం చేసి, 5.54తో గుణిస్తే ప్లేట్ల సంఖ్య, అంటే కాలమ్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె. సర్టిఫికెట్ అంకె కంటే కొంత తగ్గడం మామూలే, వాళ్ల మెషీన్ వేరు. సగానికి పడిపోతే మాత్రం ముందు ట్యూబింగ్, ఫెర్రూల్ (గొట్టాన్ని బిగించే చిన్న రింగు) సరిగా కూర్చున్నాయో చూసి అప్పుడు కాలమ్‌ను అనుమానించండి. పీక్‌లన్నీ రెండుగా చీలితే కాలమ్ మొదట్లో ఖాళీ ఏర్పడింది, లేదా ఫ్రిట్ (కాలమ్ చివర ఉండే జల్లెడ) మూసుకుంది. ఒక్క పీకే చెడితే అది కాలమ్ తప్పు కాకపోవచ్చు, ముందు పీహెచ్ చూసుకోండి. మామూలు సిలికాకు 2 నుంచి 8 మధ్యే క్షేమం.

ఈ అంకెలు, ప్రెజర్‌తో సహా, కాలమ్ పేరు మీద లాగ్ బుక్‌లో రాసిపెట్టండి. మీ సీనియర్ రాసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

ప్రశ్న: బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ మొబైల్ ఫేజ్‌కు వాడొచ్చా? (తిరుపతి)

జవాబు: వద్దు. అందులో ఉప్పులు తక్కువే కావచ్చు, సేంద్రియ మలినాల సంగతి ఎవరూ పట్టించుకోరు, 210 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి దగ్గర బేస్‌లైన్ (గ్రాఫ్ అడుగు గీత) పైకెక్కి కూర్చుంటుంది. గాజుసామాను కడుక్కోడానికి వాడుకోండి.