ఓడ ప్రయాణానికి ఏ కెమెరా కొనాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. మా పెళ్లయి పాతికేళ్లు నిండుతున్న సందర్భంగా డిసెంబర్‌లో సింగపూర్ వెళ్లి, అక్కడ పెనాంగ్, ఫుకెట్ తిప్పి తీసుకొచ్చే క్రూయిజ్ ఎక్కుతున్నాం. మాతో అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు వస్తున్నారు. మావారు ఫోన్ చాలదా అంటారు. మా అబ్బాయి 40 రెట్లు జూమ్ ఉన్న కెమెరా కావాల్సిందే అంటున్నాడు. నాకైతే పెద్ద కెమెరా మెడలో వేసుకుని తిరగడం కుదరదు, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టాలి. 70 వేల లోపు ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ అబ్బాయి అడిగిన జూమ్ సంగతి ముందు తేల్చేద్దామండీ, ఎందుకంటే షాపులో కూడా మీకు మొదట చూపించేది అదే. కెనాన్ ఎస్ఎక్స్740 లాంటి కెమెరాలో లెన్స్ 24 ఎంఎం దగ్గర మొదలై 960 ఎంఎం దాకా వెళ్తుంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది), బరువు చూస్తే 300 గ్రాములు, పగటి వెలుతురులో దూరంగా పోతున్న ఇంకో ఓడను కూడా దగ్గరికి లాగేస్తుంది. ఇంత చిన్న కెమెరాలో అంత జూమ్ ఎలా పట్టిందంటే, లోపలున్న సెన్సర్, అంటే వెలుతురుని ఫొటోగా మార్చే పలక, చాలా చిన్నది కాబట్టి. వెడల్పు 6 మిల్లీమీటర్లు కాస్త దాటుతుంది, అంతే. పైగా జూమ్ పూర్తిగా లాగేసరికి అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/6.9కి పడిపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), దాంతో లోపలికి వచ్చే వెలుతురు బాగా తగ్గిపోతుంది. మిట్టమధ్యాహ్నం పర్వాలేదు. సాయంత్రం ఆరున్నర తర్వాత ఆ జూమ్‌తో తీసిన ఫొటో చూస్తే మొహాలు మైనం పూసినట్టు నున్నగా, వివరం లేకుండా వస్తాయి.

ఇప్పుడు ఓడ మీద మీ రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఊహించుకోండి. పగలు ఊళ్లో దిగి తిరుగుతారు, సరే. కానీ మీరంతా తీరిగ్గా, చక్కగా తయారై, ఒక్కచోట కూర్చునే సమయమంతా రాత్రి భోజనాల హాల్లో, థియేటర్లో, దీపాల కింద డెక్ మీద గడుస్తుంది. అక్కడ వెలుతురు పసుపుగా, తక్కువగా ఉంటుంది. పాతికేళ్ల పెళ్లిరోజున కేక్ కోస్తున్నప్పుడు అత్తయ్యగారి మొహంలో నవ్వు స్పష్టంగా పడాలా, ఎక్కడో అవతల పోతున్న సరుకుల ఓడ పేరు పడాలా? నా మటుకు నేను ఏ సందేహం లేకుండా మొదటిదే అంటాను. మనుషుల కోసం, తక్కువ వెలుతురు కోసం కొనండి, జూమ్ తర్వాతి సంగతి.

అందుకని మీరు వెతకాల్సింది అంగుళం సెన్సర్ అని అమ్మే కాంపాక్ట్‌లు, అంటే జేబులో పట్టే చిన్న కెమెరాలు. ఆ సెన్సర్ కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు, వైశాల్యంలో ఇందాకటి చిన్న సెన్సర్‌కి నాలుగింతలు. ఇందులో మీకు సరిపోయేవి రెండు. ఒకటి కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3. లెన్స్ 24 నుంచి 100 ఎంఎం, అపర్చర్ ఎఫ్/1.8 నుంచి 2.8, బరువు 304 గ్రాములు. జూమ్ వేయకుండా తీసినప్పుడు ఆ ఎఫ్/1.8కి, జూమ్ కెమెరాలోని ఎఫ్/3.3కి మధ్య తేడానే మూడు రెట్లకు పైన ఉంటుంది, దానికి సెన్సర్ వైశాల్యం కూడా కలిస్తే మొత్తం వెలుతురు పదింతలు దాటిపోతుంది. భోజనాల హాల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండోది సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7. ఇదీ అంగుళం సెన్సరే, 302 గ్రాములే, కానీ జూమ్ 200 ఎంఎం దాకా వెళ్తుంది. ఓడ మీద ఒక చిక్కుంది, మీకు కావాల్సింది దూరంగా ఉంటే నాలుగడుగులు ముందుకు వేసి తీయడానికి కుదరదు, రెయిలింగ్ దాటితే సముద్రమే. అందుకని ఆ 200 బాగా అక్కరకొస్తుంది. సింగపూర్ వదిలేటప్పుడు లంగరేసి ఉన్న ఓడలు వరసగా కనిపిస్తాయి, వాటిని తీయడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. పైగా దీనికి నొక్కితే పైకి లేచే వ్యూఫైండర్ ఉంది. ఎండలో డెక్ మీద నిలబడితే వెనక స్క్రీన్ నల్లగా తప్ప ఏమీ కనపడదు, అప్పుడు ఆ చిన్న కిటికీకి కన్ను ఆనించి తీయడం ఎంత సుఖమో వాడితే గాని తెలియదు. కెనాన్‌కి అది లేదు. చిక్కేమిటంటే సోనీ కొత్తది మీ బడ్జెట్‌లో రావడం కష్టం. పైగా జూమ్ వేయకుండా తీసినా దీని లెన్స్ ఎఫ్/2.8 దగ్గరే మొదలవుతుంది కాబట్టి, భోజనాల హాల్లో కెనాన్‌దే పైచేయి.

ఈ రెండింటిలో మీ ఇంటికి నేను కెనాన్ చెబుతాను. అయితే ఈ మోడల్‌కి కాలేజీ పిల్లల్లో గిరాకీ పెరిగిపోయి స్టాక్ దొరకడం కష్టమైంది, దాన్ని అడ్డం పెట్టుకుని ఎంఆర్‌పీ మీద ఇంకా అడిగేవాళ్లు ఉంటారు. ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి, ఆగండి. డిసెంబర్ దాకా టైముంది.

మీవారు ఫోన్ చాలంటారన్నారు కదా, ఆయన మాటలో సగం నిజముంది. రెండు మూడేళ్లలో కొన్న మంచి ఫోన్ అయితే పగలు తీసే వెడల్పాటి ఫొటోల్లో ఈ కాంపాక్ట్‌కి ఏమీ తీసిపోదు, పెనాంగ్‌లో ఇరుకు వీధులు, గోడల మీద బొమ్మలు, క్లాన్ జెట్టీల (నీళ్ల మీద కట్టిన ఇళ్ల వాడల) చెక్క వంతెనలు ఫోన్‌తోనే హాయిగా తీసుకోండి. ఫోన్ ఓడిపోయేది ఎక్కడంటే, సూర్యుడు వెనకుండి మనుషులు ముందున్నప్పుడు. ఫోన్ లైట్ ఎండలో ఆనదు. ఈ కెమెరాల్లో పైకి లేచే నిజమైన ఫ్లాష్ ఉంటుంది, రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి ఫ్లాష్ వేసి తీస్తే వెనక సముద్రమూ ఉంటుంది, మొహమూ నల్లబడదు. ఇంకోటి, రోజంతా మ్యాప్‌లకీ వాట్సాప్‌కీ వాడే ఫోన్ చార్జింగ్ సాయంత్రానికి ఎలాగూ అయిపోతుంది.

కొనేముందు షాపులో ఒక పని చేయండి. కౌంటర్ మీద తెల్లటి లైట్ల కింద ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. మీరు దాన్ని పట్టుకుని షాపులో చీకటిగా ఉన్న మూలకు వెళ్లి, ఫ్లాష్ ఆపేసి, మీ అబ్బాయి మొహం తీయండి, తర్వాత స్క్రీన్ మీద ఫొటోను కన్ను దగ్గర పూర్తిగా పెద్దది చేసి చూడండి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే ఆ కెమెరా మీ పనికొస్తుంది. ముద్దగా కలిసిపోతే తిరిగిచ్చేయండి, షాపువాళ్లు ఎన్ని మెగాపిక్సెల్స్ చెప్పినా సరే. అదీ కాకపోతే చెన్నైలో కెమెరాలు అద్దెకిచ్చే వాళ్లున్నారు, ఒక శని ఆదివారాలకి తెచ్చుకుని వాడి చూశాకే కొనండి.

కొన్నాక దాన్ని డబ్బాలోనే ఉంచి సింగపూర్ తీసుకెళ్లొద్దు, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. తెల్లవారుజామున మన మెరీనా బీచ్‌కి వెళ్లండి. మనకి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు కాబట్టి అలల ముందు నిలబెట్టిన మనిషి మొహం నల్లబడిపోతుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుతురుని పెంచే, తగ్గించే సెట్టింగ్) +0.7 పెట్టి చూడండి, ఫ్లాష్ వేసి చూడండి, రెండింటికీ తేడా గమనించండి. ఫుకెట్‌లో పటాంగ్ తీరం పడమరకి ఉంటుంది, అక్కడ ఇదే ఇబ్బంది సాయంత్రం వస్తుంది, మెరీనాలో నేర్చుకున్నది అక్కడ అచ్చంగా పనిచేస్తుంది. ఆటో ఐఎస్ఓకి (తక్కువ వెలుతురులో కెమెరా తనంతట తాను పెంచుకునే సెట్టింగ్, మరీ పెరిగితే ఫొటో గరుకుగా వస్తుంది) పై పరిమితి 3200 పెట్టుకోండి. స్క్రీన్ మీద గీతల గడి ఆన్ చేసుకోండి, లేకపోతే సముద్రం ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు ఫొటోలు వస్తాయి.

ఇంకా ఒకటుంది, దీనికే చాలామంది కంగారుపడిపోతారు. ఏసీ కేబిన్‌లోంచి కెమెరా తీసుకుని నేరుగా డెక్ మీదికి వస్తే లెన్స్ అంతా ఆవిరి పట్టేస్తుంది. చల్లటి గాజు మీద తేమ గాలి తగిలితే అంతే, చెన్నైలో ఏసీ కారు దిగగానే కళ్లజోడు మసకబారడం మీకు తెలిసిందే. చున్నీతో రుద్దకండి, రుద్దినా మళ్లీ పడుతుంది. కెమెరా బ్యాగ్ జిప్ మూసి ఉంచే బయటికి తెచ్చి, పావుగంట ఇరవై నిమిషాలు ఆగి తీస్తే చాలు. ఓడ వదిలేటప్పటి ఫొటోలు కావాలంటే ఆ మేరకు ముందే పైకి రండి.

రాత్రి డెక్ మీద ట్రైపాడ్ పెట్టి ఊరి దీపాలు తీద్దామనుకుంటే పని జరగదు. ట్రైపాడ్ కదలకపోయినా ఓడ కదులుతూనే ఉంటుంది. మోచేతులు కూడా రెయిలింగ్‌కి ఆనించొద్దు, ఇంజన్ అదురు దానిలోంచి చేతికి వస్తుంది. ఒంటికి దగ్గరగా పట్టుకుని షటర్ వేగం సెకనులో 1/60వ వంతు కన్నా తగ్గకుండా తీయండి.

ప్రశ్న: వేళచ్చేరి నుంచి రాస్తున్నాను. పిల్లలు స్విమ్మింగ్ పూల్లో, బీచ్‌లో తీసుకునేలా నీళ్లలో తడిసినా పాడవని కెమెరా ఉందా? అదొక్కటీ కొంటే ట్రిప్ మొత్తానికి సరిపోతుందా?

జవాబు: ఉంది, ఓఎం సిస్టమ్ టీజీ-7. 15 మీటర్ల లోతు దాకా నీళ్లు పోవు, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకునేలా చేశారు, నీళ్లలో చేపల్ని బాగా దగ్గర్నుంచి తీయడంలో దీనికి మంచి పేరుంది. ఫుకెట్ లాంటి చోట పెద్ద ఓడలు చాలాసార్లు దూరంగా లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తాయి, ఆ పడవలో నీళ్లు చిమ్ముతున్నా దీన్ని బయటే పట్టుకుని తీయొచ్చు.

మొత్తం ట్రిప్‌కి మాత్రం సరిపోదండీ. ఇందులోనూ ఆ చిన్న సెన్సరే, రాత్రి భోజనాల దగ్గర మీ ఫోనే దీనికన్నా బాగా తీస్తుంది. అందుకని నీళ్ల దగ్గరికి ఇది, మిగతా వాటికి ఫోన్ అనుకుంటేనే కొనండి. ఉప్పునీళ్లలో ముంచాక మంచినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. బ్యాటరీ మూత మూసేముందు చుట్టూ ఉన్న రబ్బరు అంచు మీద ఇసుక రేణువు, వెంట్రుక లేకుండా వేలితో తడిమి చూడండి, ఒక్క వెంట్రుక అడ్డుపడినా నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు మూత మీరే వేయండి, గొళ్లెం కూడా మీరే చూడండి. మామూలు కాంపాక్ట్‌ని మాత్రం కుళాయి కింద పెట్టకండి, దానికి ఉప్పు తుంపర్లు పడితే మంచినీళ్లతో కొంచెం తడిపి పిండిన గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

ప్రశ్న: సైదాపేట. సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్100 మార్క్ 7 దొరుకుతోంది, బిల్లు ఉంది. తీసుకోవచ్చా? లేక సింగపూర్‌లో కొత్తది కొనుక్కుంటే చవకా? మా బావగారు బర్మా బజార్లో చూడమంటున్నారు.

జవాబు: బిల్లు ఉంటే సెకండ్ హ్యాండ్ చూడొచ్చు, కానీ మన చెన్నై గాలిని దృష్టిలో పెట్టుకుని చూడాలి. ఇక్కడ తేమకి బీరువాలో పెట్టి మర్చిపోయిన లెన్సులో ఫంగస్ పడుతుంది. కెమెరా ఆన్ చేసి, ఫోన్ టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా లెన్సులోకి కొట్టి చూడండి, లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు. తర్వాత జూమ్ కొసకి లాగి, తెల్లగోడని ఎఫ్/11లో తీసి పెద్దది చేయండి. ఈ కెమెరాల లెన్స్ ముందుకీ వెనక్కీ జరిగేటప్పుడు దుమ్ము లోపలికి పోయే అవకాశం ఉంది, సెన్సర్ మీద పడితే ఆ గోడ మీద బూడిదరంగు చుక్కలుగా కనిపిస్తుంది. వ్యూఫైండర్, ఫ్లాష్ రెండూ నాలుగైదుసార్లు పైకి లేపి దించండి, లెన్స్ వెళ్లి వచ్చే చప్పుడులో ఎక్కడైనా గరగర ఉందేమో వినండి. బాడీ మీద సీరియల్ నంబరు, బిల్లు మీదిది ఒకటేనా అన్నది చివరిగా చూసుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే, నాకైతే మొదటి ఉత్తరం రాసినావిడకి చెప్పిన కెనాన్ కన్నా ఇదే ఇష్టం.

సింగపూర్‌లో 2024 నుంచి జీఎస్‌టీ 9 శాతం, టూరిస్టులకి కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోళ్ల మీద అది వెనక్కి తీసుకునే వీలుంది, చాంగీ ఎయిర్‌పోర్టులో మెషీన్ దగ్గర చేసుకోవచ్చు. కానీ అక్కడ కొన్న కెమెరాకి ఇక్కడ వారంటీ ఇస్తారా అన్నది కంపెనీని ముందే అడగండి, ఆ ఒక్క కారణంతో చవక కాస్తా ఖరీదవుతుంది. అదీగాక ట్రిప్ మొదలయ్యే రోజే కొన్న కెమెరాతో ఏం నేర్చుకుంటారు? బర్మా బజార్ సంగతంటారా, బిల్లూ వారంటీ రాసిచ్చే చోటే కెమెరా కొనండి, మౌంట్ రోడ్‌లోనైనా రిచీ స్ట్రీట్‌లోనైనా నా మాట ఇదే.

ఇక్కడినుంచి ఖరీదైన కెమెరా పట్టుకెళ్తుంటే, వెళ్లే రోజు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకి సీరియల్ నంబరు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇది అక్కడ కొన్నది కాదని నిరూపించడానికి అది చాలు. చెకిన్ బ్యాగేజ్ ఇచ్చేలోపే ఆ పని అడగండి. ఈ సోనీ ఒక బ్యాటరీతో సుమారు 250 ఫొటోలే తీస్తుంది, ఇంకో రెండు కొనుక్కోండి, వాటిని చెకిన్ పెట్టెలో వేయకుండా చేతి బ్యాగ్‌లోనే, కొసలు ఒకదానికొకటి తగలకుండా కవర్లలో పెట్టి తీసుకెళ్లండి. కేబిన్లో ప్లగ్గులు తక్కువ, ఎక్స్‌టెన్షన్ బోర్డులు చాలా ఓడల్లో ఎక్కేచోటే తీసేసుకుంటారు, కాబట్టి రెండు మూడు యూఎస్‌బీలున్న చార్జర్ ఒకటి కొనుక్కోండి, రోజూ భోజనానికి వెళ్లేముందు బ్యాటరీ పెట్టేసి వెళ్లండి.