శనివారం గది, మంగళవారం గది

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాది హెచ్-1బీ వర్క్ వీసా, మా ఆవిడకు ఇంకా ఉద్యోగం లేదు. ఆరేళ్ల బాబు. ఆగస్టు నెలాఖరున మా పదో పెళ్లిరోజు, ఇంకా మూడు వారాలే ఉంది. ద్రాక్షతోటల నాపా వ్యాలీలో ఉన్న కాలిస్టోగా అనే ఊళ్లో శుక్ర, శనివారాలు రెండు రాత్రులు ఉండాలని ఆవిడకు ఎప్పట్నుంచో కోరిక. సరేనని మాటిచ్చేశాను. హోటల్ 900, నాలుగు వైనరీల్లో (వైన్ తయారుచేసే చోట్లు) ఇద్దరికీ టేస్టింగ్, అంటే వైన్ రుచి చూడటానికి 400, మడ్ బాత్ (బురద స్నానం) 260, తిండి 350, కారు గ్యాస్ (పెట్రోలు) వగైరా 90... మొత్తం 2,000 డాలర్లు. ఆవిడ వైన్ ముట్టదు, మడ్ బాత్ కోసమే వస్తానంటోంది. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీకి 4,800 బాకీ ఉంది. దాని కనీస వాయిదా, ఇంటి ఖర్చులు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది పోను నెలకు 400 మిగులుతుంది. ట్రిప్పు కూడా కార్డు మీదే పెట్టి మెల్లగా తీర్చుకోవచ్చా?

జవాబు: వద్దు. కార్డు మీద వద్దు, ఆగస్టులోనూ వద్దు. కాలిస్టోగాకు మాత్రం వెళ్లాలి, మాటిచ్చారు కాబట్టి.

ముందు మీ 2,000 లెక్క సరిచేద్దాం. వెబ్‌సైట్లో కనిపించే గది అద్దె మీద అక్కడ 12 శాతానికి పైగానే పన్ను పడుతుంది. చాలా హోటళ్లు రిసార్ట్ ఫీజు అని రోజుకింత విడిగా వేస్తాయి. భోజనం బిల్లు మీద, మడ్ బాత్ దగ్గర టిప్పులు మీరసలు రాయలేదు. అన్నీ కలిపితే 2,300కి తక్కువ కాదు. దాన్ని కార్డు మీద పెట్టి, మీరన్నట్టు మెల్లగా నెలకు 100 చొప్పున తీరుస్తూ పోతే 31 నెలలు దాటుతుంది, వడ్డీయే 800 పైన అవుతుంది. పదకొండో పెళ్లిరోజు, పన్నెండో పెళ్లిరోజు వచ్చి వెళ్లిపోయినా మీరు పదోదానికే కడుతుంటారు. ఆదివారం అందలం, సోమవారం జోలె అని మనవాళ్లు ఊరికే అనలేదు. పైగా మీది హెచ్-1బీ. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. అలాంటి సమయంలో కార్డు మీద 4,800 ఉండటానికీ 7,000 దాటి ఉండటానికీ చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు ఊరి సంగతి. కాలిస్టోగా జనాభా అయిదు వేల చిల్లర. చూడదగ్గ వీధి ఒక్కటే, లింకన్ అవెన్యూ. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా కాళ్లు నొప్పి పుట్టవు. పందొమ్మిదో శతాబ్దంలో శామ్ బ్రానన్ అనే ఆయన, న్యూయార్క్‌ రాష్ట్రంలోని సరటోగాలా ఇక్కడ వేడినీటి బుగ్గల విడిది కట్టాలనుకున్నాడు. 'కాలిఫోర్నియా సరటోగా' అనబోయి నోరు తడబడి 'సరఫోర్నియా కాలిస్టోగా' అన్నాడని, ఊరి పేరు అలా వచ్చిందని ఓ కథ. అంటే పుట్టుకతోనే టూరిస్టుల ఊరు, గది అద్దె పుచ్చుకోవడంలో దానికి నూటయాభై ఏళ్లు దాటిన అనుభవం ఉంది. ఆ అద్దె కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ద్రాక్ష కోతలు, జనం విరగబడతారు. అదే గది ఫిబ్రవరిలో ఓ మంగళవారం రాత్రికి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. శ్రావణంలో పెళ్లయిన వాళ్లకు ఇదో చిక్కు, మీ తప్పేం లేదు. పెళ్లిరోజును తిథి ప్రకారం ఒకనాడు, తేదీ ప్రకారం ఒకనాడు చేసుకునే వాళ్లం, అద్దె ప్రకారం మూడోనాడు చేసుకుంటే వచ్చే నష్టమేమిటి?

ఫిబ్రవరిలో ద్రాక్షతీగలు మోడువారి ఉంటాయి, వానలూ ఉంటాయి. కానీ ఆ మోడుల వరుసల మధ్య ఆవచేలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి. నాకైతే ఆకుపచ్చ తోటలకన్నా అదే బాగుంటుంది. ఆ నెల్లోనే వచ్చే ప్రెసిడెంట్స్ డే సెలవు వారాంతం మాత్రం వదిలేయండి, అప్పుడు మళ్లీ ధరలు ఎగురుతాయి.

టేస్టింగుల దగ్గర మీ లెక్కలో నాకు ఒకటి అర్థం కాలేదు. వైన్ ముట్టని మనిషికి 200 డాలర్ల టేస్టింగ్ ఎందుకు? ఆవిడ పక్కన కూర్చుంటే చాలు. ఎవరో ఒకరే రుచి చూస్తామని బుక్ చేసేటప్పుడే అడిగి ఒప్పించుకోండి. నాలుగు వైనరీలు కూడా వద్దు, మూడోదానికొచ్చేసరికి నాలుకకు తేడా తెలియదు. రెండు చాలు. ముందుగా బుక్ చేసుకోకుండా వెళ్లకండి. నాపా కౌంటీలో 1990 తర్వాత వచ్చిన వైనరీలు చాలావరకు అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లనే రానివ్వాలన్నది అక్కడి నిబంధన. ఊళ్లోనే నడిచి వెళ్లగలిగే టేస్టింగ్ రూములు ఉన్నాయి, రెండింట్లో ఒకటి అలాంటిది చూసుకోండి.

డ్రైవింగ్ ఆవిడే చేయాలి. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు, డబ్బు లెక్కే. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే కాలిఫోర్నియాలో డీయూఐ, అంటే తాగి నడిపిన కేసు. ఫైన్లు, లాయరు ఫీజు, ఏళ్లపాటు పెరిగిన కారు ఇన్సూరెన్స్ ఒక ఎత్తు. కేసు ఇంకా తేలకపోయినా, అరెస్టయినంత మాత్రానే అమెరికా విదేశాంగ శాఖ అయిన స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చేయగలదు, అది ఇంకో ఎత్తు. దాని ముందు మీ 2,300 చిల్లర.

వైన్ క్లబ్బు గురించి నా అనుభవం చెప్తాను. కొన్నేళ్ల క్రితం ఓ వైనరీలో, చేరితే ఈరోజు టేస్టింగ్ ఫీజు ఉండదన్నారు. ఇద్దరికీ కలిపి 80 మిగిలిందని మురిసిపోయి సంతకం పెట్టాను. ఊళ్లో వాళ్లందరికీ పొదుపు పాఠాలు చెప్పే నేను! ఏడాదికి మూడుసార్లు వైన్ సీసాల పెట్టె ఇంటికి రావడం, కార్డు మీద 200కు పైగా పడటం. మానేద్దామంటే కనీసం రెండు పెట్టెలు తీసుకున్నాకేనని చిన్న అక్షరాల్లో ఉంది. మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. నచ్చిన సీసా ఉంటే ఒకటి కొనుక్కోండి, చాలాచోట్ల దానికి టేస్టింగ్ ఫీజు తగ్గిస్తారు కూడా. ఫీజు తగ్గుతుందని మాత్రం సీసా కొనకండి.

మడ్ బాత్‌ను తగ్గించమని నేను చెప్పను. అగ్నిపర్వతపు బూడిద, వేడినీటి బుగ్గల నీళ్లు కలిపిన ఆ బురద కోసమే ఆవిడ వస్తున్నారు. 260 అలాగే ఉంచండి. మధ్యాహ్నం తిండికి ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి. వైనరీల్లో బయటి తిండి ఒప్పుకోవడం అరుదు, ఊళ్లో పయనీర్ పార్కులో కూర్చుని తినండి. దారిలో బోతీ-నాపా స్టేట్ పార్కులో పార్కింగ్ ఫీజుకే రెడ్‌వుడ్ చెట్ల మధ్య తిరగొచ్చు. అరగంట దూరంలోని శాంటా రోజాలో గదులు ఇంకా చవక. అయినా పెళ్లిరోజుకు అక్కడ రెండు రాత్రులకన్నా కాలిస్టోగాలో ఒక్క రాత్రే నయం. చీకటిపడ్డాక ఆ వీధిలో ఇద్దరూ నడవాలంటే గది అక్కడే ఉండాలి.

నా లెక్క: గది ఒక రాత్రికి పన్నులతో 290, మడ్ బాత్ 260, టేస్టింగ్ 100, ఒక మంచి డిన్నర్, కాఫీలు కలిపి 170, గ్యాస్, బ్రిడ్జి టోలు 60. మొత్తం 880. సెప్టెంబరు నుంచి ఆరు నెలలు 150 చొప్పున వేరే ఖాతాలో వేస్తే 900. మిగతా 250 నెలనెలా కార్డు బాకీకి అదనంగా కట్టండి.

కచ్చితంగా మాట్లాడితే ఆ 150 కూడా కార్డుకే కట్టాలి. కట్టనందుకు ఆరు నెలల్లో మీకు అదనంగా పడే వడ్డీ సుమారు 45 డాలర్లు. పదేళ్ల కాపురానికి ఆ 45 నేను మాఫీ చేస్తున్నాను.

బాబును ఎక్కడ ఉంచుతారో మీరు రాయలేదు. వారం మధ్యలో కాబట్టి వాడికి బడి ఉంటుంది. అదే బడికి పిల్లల్ని పంపే స్నేహితుల ఇంట్లో ఒక రాత్రి ఉంచి, తర్వాత వాళ్ల పిల్లల్ని మీరు ఒక రాత్రి చూసుకోండి. గది బుక్ చేసే ముందు ఒక్క సంగతి చూసుకోండి. చలికాలంలో మంగళ, బుధవారాల్లో అక్కడ కొన్ని రెస్టారెంట్లు తెరవరు. ముందు డిన్నర్ ఎక్కడో ఖాయం చేసుకుని, ఆ తర్వాతే గది తీసుకోండి, అదీ క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చే రేటులోనే.