ఎవరూ వినకపోతే చప్పుడు కానట్టేనా?

సందేహం: మాది పర్లాకిమిడి. ఇంటికి తాళం వేసి నాలుగు రోజులు బరంపురం వెళ్లొచ్చాం. వచ్చి చూస్తే పెరట్లో రేకుల షెడ్డు సొట్టపోయి ఉంది, కింద తాటిపండు. ‘ఎంత చప్పుడై ఉంటుందో!’ అన్నాను. డిగ్రీ చదివే మా అబ్బాయి ‘వినేవాళ్లే లేకపోతే చప్పుడెక్కడిదమ్మా? శబ్దమంటేనే చెవికి వినబడేది’ అన్నాడు. కాలం కూడా అంతేనట, గమనించేవాళ్లు లేకపోతే గడవదట. నా మాట తప్పా?

సమాధానం: తప్పు కాదమ్మా. ‘చప్పుడైంది’, ‘వినబడింది’ అనే రెండు మాటలనీ తెలుగు ఎప్పుడో విడదీసి పెట్టింది. ‘వినబడింది’ అనగానే ‘ఎవరికి?’ అని అడగాలనిపిస్తుంది. నాకు, మీకు, పక్కింటివాళ్లకు అంటూ, పైకి అనకపోయినా, ఓ ‘కు’ మనసులో ఉండనే ఉంటుంది. మీ ఊళ్లో ‘నాకు ఇనబడ్నేదు’ అంటారే, అక్కడా ఆ ‘కు’ ఉంది. ‘చప్పుడైంది’కి ఆ అవసరం లేదు. మీ ఇరుగుపొరుగు ఒడియా వాళ్లూ ఇంతే: ‘మోతే శుభిలా’ అంటే నాకు వినబడింది, ‘శబ్ద హెలా’ అంటే చప్పుడైంది.

పండు ‘దబ్బుమంది’ అంటాం, గమనించారా? ‘దబ్బు’ అని అన్నది పండే. ఆ మాటకు అనేవాడు కావాలి గానీ వినేవాడు అక్కర్లేదు. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

మీ అబ్బాయి వాదనను తీసిపారేయలేం. పాత తర్కశాస్త్ర పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో శబ్దాన్ని ‘శ్రోత్రగ్రాహ్యో గుణః’ (చెవికి గ్రాహ్యమైన గుణం) అనే నిర్వచించాడు. కానీ ఆ ‘గ్రాహ్య’ దగ్గర ఆగి చూడమనండి. గ్రాహ్యమంటే పట్టదగినది; పట్టుకున్నది కాదు, దానికి ‘గృహీతం’ అనే మాట వేరే ఉంది. ఎవరూ తినకపోయినా తినదగిన పండు పండే కదా. రేకు అదిరి, గాలి అదిరి, ఆ అదురు సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో మీ పెరడు దాటి పోయింది. చెవిలో పడ్డాక కలిగే అనుభవం మాత్రం మనిషి ఉంటేనే. మీ అబ్బాయి శబ్దమంటున్నది ఆ అనుభవాన్ని, మీరు చప్పుడన్నది ఆ అదురును.

మీ ఊరనగానే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొస్తారు. సవరలనే గిరిజనుల మాట చెవులారా విని నేర్చుకోవడానికి కొండలెక్కారు, మలేరియా పట్టింది, క్వినైన్ వాడి వాడి వినికిడి పోయింది. ఆయనకు వినబడకపోయినా కొండ మీద సవర మాట ఆగలేదు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ‘వినబడలేదు’ అన్నమాటను ‘చప్పుడు కాలేదు’తో కలిపేస్తే ఆయన పడ్డ కష్టానికి అర్థమే ఉండదు.

కాలం సంగతికొస్తే, ఇక్కడా ఆ ‘కు’నే పట్టుకోండి. ‘చాలా పొద్దుపోయింది’ అంటే సూర్యుడి లెక్క, మీరు నిద్రలో ఉన్నా పోతుంది. ‘నాకు పొద్దుపోవడం లేదు’ అంటే మనసు లెక్క. మీ అబ్బాయి చెప్పే కాలం ఈ రెండోది. అన్నంభట్టు కాలాన్ని ‘అతీతాదివ్యవహారహేతుః’ అన్నాడు: గడిచింది, గడుస్తోంది, గడవబోతోంది అని మనం అనగలగడానికి కారణం కాలమేనని. అంటే మన మాట కాలం మీద ఆధారపడింది గానీ, కాలం మన మాట మీద కాదు.

ఇక మీ వాక్యం. మీరు ‘చప్పుడైంది’ అనలేదు, ‘చప్పుడై ఉంటుంది’ అన్నారు. నేను వినలేదు, సొట్ట చూసి ఊహించాను అనే మాట ఆ ‘ఉంటుంది’లోనే ఉంది. అబ్బాయి అడగకముందే మీరు ఒప్పుకున్నారు. వాక్యాన్ని మార్చకండి.